చలికి నీడే దుప్పటి

ఎండ పడందే బతకని మొక్కలు కొన్ని. ఎండ పడితే బతకని మొక్కలు కొన్ని. ఈ రెండో రకాన్ని పెంచడం ఎక్కడైనా కాస్త పనే. దానికి ఎముకలు కొరికే చలి కూడా తోడైతే... అది జైనూరు పెరటి కథ!

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి దాటాక రోడ్డు ఘాట్ ఎక్కుతుంది. మలుపులు తిరుగుతూ బస్సు పైకి చేరేసరికి గాలి మారిపోతుంది. డిసెంబరులో అయితే కిటికీ అద్దాలు వాటంతటవే మూతపడతాయి. పొద్దున ఎనిమిది దాటినా వాకిళ్లలో చలిమంటలు ఆరవు. ఇక్కడివాళ్లు 'ఇగం పెడుతోంది' అంటే మామూలు చలి అనుకోకండి. ఏటా చలికాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ నమోదైందో పేపర్లో చూస్తే, జైనూరు పక్కనున్న సిర్పూర్(యు), తిర్యాణి మండలంలోని గిన్నెధరి లాంటి పేర్లే తరచూ కనిపిస్తాయి. గట్టి చలి పడిన ఏడాది పాదరసం 5 డిగ్రీల దగ్గరికి, ఒక్కోసారి అంతకన్నా కిందికీ దిగుతుంది. మళ్లీ ఇవే ఊళ్లు మే నెలలో 43, 44 డిగ్రీల ఎండను కాస్తాయి. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక జైనూరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారింది కానీ చలి మాత్రం పాత ఆదిలాబాదుదే!

ఇలాంటి చోట నీడలో పెరిగే మొక్కలు పెంచాలంటే ఏం చేయాలి?

ముందు, ఏం జరుగుతోందో చూద్దాం. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ట్రాలీ ఆటోల మీద పూలమొక్కలు ఊరూరా తిరుగుతాయి. వాటిలో చాలా భాగం గోదావరి జిల్లాల నర్సరీల్లో పుట్టినవే. పచ్చగా, మెరిసిపోతూ, ఆకుల మీద గులాబీ చుక్కలతో అగ్లోనిమా. తెల్లటి మచ్చలతో డైఫన్‌బాకియా. నెమలి ఈక లాంటి కలాథియా. ఎర్రటి గరిటె లాంటి పువ్వుతో ఆంథూరియం. 'నీడలో పెట్టండి, రోజూ నీళ్లు పోయండి' అని అమ్మేవాడు చెబుతాడు. వరండాలో పెడతాం. రోజూ పోస్తాం. దీపావళికి కళకళలాడతాయి. సంక్రాంతికి ఖాళీ కుండీ మిగులుతుంది. అమ్మినవాడు మోసం చేశాడని తిట్టుకుంటాం. కానీ అతను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది కోస్తా గాలికి సరిపోయే సలహా. ఉక్కపోతలో పుట్టి పెరిగిన మొక్కకు ఇగం అంటే ఏమిటో తెలియదు.

చలి ఎలా చంపుతుంది?

మంచు గడ్డ కడితేనే మొక్క చస్తుందని చాలామంది అనుకుంటారు. ఉష్ణదేశపు నీడ మొక్కలకు అంత దూరం పోనక్కర్లేదు. పది, పన్నెండు డిగ్రీలకే వాటి ఆకుల్లోని కణాల గోడలంటి పొరలు బిగుసుకుపోయి, లోపలి నీరు బయటికి కారుతుంది. మర్నాడు ఆకు మీద నూనె మరక పడ్డట్టు నల్లటి మచ్చలు కనిపిస్తాయి. అగ్లోనిమాకైతే 13 డిగ్రీలు కూడా చలే. అదే సమయంలో చల్లబడిన వేళ్లు నీటిని పీల్చడం తగ్గిస్తాయి. ఆకు వాడుతుంది. మనమేం చేస్తాం? పాపం దాహం వేసిందని ఇంకో చెంబు పోస్తాం. చల్లటి బురదలో వేరు కుళ్లిపోతుంది. నిజం చెప్పాలంటే జైనూరు వరండాల్లో చలి చంపే మొక్కల కన్నా చలికాలంలో మనం పోసే నీళ్లు చంపే మొక్కలే ఎక్కువ.

ఇంకో సంగతుంది. చలి ఊరంతటికీ ఒకేలా ఉండదు. మబ్బులేని రాత్రి నేల పగటి వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. తేమ లేని పొడి గాలి దాన్ని ఆపలేదు. అందుకే ఆరుబయట గడ్డి మీద ఉండే చలి, వాతావరణ కేంద్రం మనిషి ఎత్తులో కొలిచే చలి కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. పేపర్లో 7 అని వేస్తే, మీ మడిలో గడ్డిపరక మీద 3 ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా చల్లటి గాలి బరువైనది. నీరు పల్లమెరుగు అంటాం కదా, చలీ అంతే. గుట్టల మీద నుంచి జారి లోతట్టులో మడుగు కడుతుంది. గుట్టల నడుమ ఉన్న ఊళ్లకు ఇది బాగా తెలిసిన బాధే. ఒకే ఊళ్లో వాగు పక్క ఇంట్లో ఆకు మాడుతుంది, గడ్డ మీది ఇంట్లో నిక్షేపంగా ఉంటుంది.

ఇక్కడే నీడ పనికొస్తుంది. దట్టమైన చెట్టు కింద నేల వదిలిన వేడిని కొమ్మలు, ఆకులు అడ్డుకుని కొంత తిరిగి కిందికే పంపుతాయి. అలాంటి చెట్టు కింద రాత్రి చలి ఆరుబయట కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. రెండు మూడే కదా అని తీసిపారేయకండి. 9 డిగ్రీలు 12 అయితే చాలు, చావాల్సిన మొక్క బతికిపోతుంది. ఎండకు గొడుగైన చెట్టే చలికి దుప్పటి అన్నమాట. కాకపోతే అన్ని చెట్లూ దుప్పట్లు కావు.

ఏ చెట్టు నీడ?

ఆదిలాబాద్ అంటే టేకు. ఇళ్ల చుట్టూ కూడా టేకు చెట్లే ఎక్కువ. జూన్ నుంచి దాని నీడ అమోఘం. చేటంత ఆకులు. కానీ చలికాలం ముదిరేకొద్దీ ఆకు రాలుస్తుంది. ఎండలు దంచే ఏప్రిల్, మేలో మోడై నిలబడుతుంది. మళ్లీ వానలకే చిగురు. ఇప్పచెట్టుదీ దాదాపు ఇదే తంతు. ఫిబ్రవరి నుంచి ఆకు రాల్చి, మార్చి, ఏప్రిల్లో పువ్వు రాల్చి, ఆ తర్వాత చిగురిస్తుంది. మోదుగ అయితే ఆకులన్నీ వదిలేసి ఒంటినిండా నిప్పు పూస్తుంది.

చలి దేశాల్లో లెక్క దీనికి తలకిందులు. అక్కడ మేపుల్, ఓక్ చెట్లు చలికాలంలో మోడులు, ఎండాకాలంలో గొడుగులు. అవసరమైనప్పుడే నీడ దొరుకుతుంది. మనకేమో సరిగ్గా నీడ కావలసిన మేలోనే టేకు చేతులెత్తేస్తుంది. విదేశీ తోటల పుస్తకాల్లోని సలహాలు ఇక్కడ అచ్చం అలాగే పనిచేయకపోవడానికి ఇదో కారణం. అందుకని ఏడాది పొడవునా పచ్చగా ఉంచాలనుకునే మొక్కలను మామిడి, నేరేడు, పనస లాంటి ఎప్పుడూ ఆకుండే చెట్ల కింద పెట్టాలి. వేప, కానుగ కూడా మంచివే. ఆకు రాల్చినా ఎండలు ముదరకముందే కొత్త చిగురుతో మళ్లీ గుబురెక్కుతాయి. మరి టేకు కింద? అక్కడ పెట్టాల్సిన మొక్కలు వేరు. నిద్రపోయే మొక్కలు!

గాఢనిద్ర జాతి

జైనూరు మండలంలోనే మార్లవాయి ఉంది. గోండుల మీద పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి 1940ల్లో మకాం పెట్టిన ఊరు. బెట్టీ 1987లో కన్నుమూస్తే ఇక్కడే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ పుట్టింది 1909లో, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో. ఆ నగరం చుట్టూ ఉన్న బీచ్ చెట్ల అడవుల్లో ఓ వింత ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్లు ఇంకా చిగురించకముందే నేలంతా అడవి వెల్లుల్లి పచ్చగా పరుచుకుంటుంది. గాలంతా వెల్లుల్లి వాసన. తెల్లటి పూలు పూసి, చెట్లు ఆకు తొడిగి నీడ కమ్మాక కొద్ది వారాల్లో మాయం. చచ్చిపోయిందా అంటే లేదు. మట్టిలో పాయగా నిద్రపోతుంది, మళ్లీ ఏడాది దాకా.

కెనడాలోని ఒంటారియో రాష్ట్ర పుష్పం ట్రిలియం కూడా అంతే. మూడు ఆకులు, మూడు రేకులు. గింజ నుంచి పువ్వు చూడాలంటే ఏడేళ్లయినా ఆగాలి. అమెరికాలో మినసోటా, షికాగో వైపు స్థిరపడిన మనవాళ్ల ఇళ్ల ముందు, చెట్ల నీడన వెడల్పాటి చారల ఆకులతో గుబురుగా కనిపించే హోస్టా సంగతీ ఇదే. మైనస్ 30 డిగ్రీల్లో పైన ఆకు ఆనవాలు ఉండదు. మంచు కరిగాక మళ్లీ ముక్కులు పొడుచుకొస్తాయి. దానికి కొన్ని వారాల గట్టి చలి తగలకపోతే సరిగా చిగురించదు కూడా. కాబట్టి అక్కడి చుట్టాలు దుంప పంపిస్తామన్నా వద్దనండి. మన చలి దానికి చాలదు, మన మే దాన్ని బతకనివ్వదు.

హోస్టా లేకపోతేనేం, మనకు పసుపు లేదూ? ఆ వెడల్పాటి ఆకు, ఆ నీడ ఇష్టం, ఆ నిద్ర... అన్నీ అచ్చం అలాగే. పసుపు పూర్తి ఎండలోనూ పండుతుంది కానీ లేత వయసులో కాస్త నీడంటే ప్రాణం. నిజామాబాద్, కరీంనగర్ వైపు రైతులు పసుపులో మక్క వేసేది ఊరికే కాదు. మక్క కంకి చేతికి రావడం ఒక లాభం. లేత పసుపు మీద చల్లటి నీడ పడటం ఇంకో లాభం. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, మక్క కోసి నీడ పోయే వేళకు పసుపు ఎండను తట్టుకునే వయసుకొస్తుంది. నీడను ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో ఇంత చక్కగా లెక్కగట్టిన పద్ధతి ఏ తోటపని పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

పెరట్లో దీన్నే చిన్నగా చేసుకోవచ్చు. మిరుగు వాన పడగానే, అంటే జూన్ మొదట్లో, టేకు చెట్టు మొదటికి నాలుగైదు అడుగుల దూరంలో పసుపు కొమ్ము పెట్టండి. పక్కన అల్లం, మామిడి అల్లం. తడి నిలిచే మూల చేమ. కాస్త వెలుతురు పడే చోట కంద. కందలో దురద లేని గజేంద్ర రకం దొరుకుతుంది, ఇంట్లోకి అదే మేలు. చెట్టు చిగురించేటప్పుడే ఇవీ మొలకెత్తుతాయి. చెట్టు గుబురెక్కేసరికి ఇవీ ఆకులు విప్పుతాయి. దండారి ఆటలప్పటికి, అంటే దీపావళికి, తోట నిండుగా ఉంటుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగే వేళకు పసుపు ఆకు పండి ఒరిగిపోతుంది. అప్పటికి చలీ ముదిరి ఉంటుంది. అయినా చలి మాడ్చడానికి అక్కడ మిగిలిందేముంది? ఎండుటాకే!

దుంప మాత్రం బెత్తెడు లోతున వెచ్చగా ఉంటుంది. పైన గాలి 6 డిగ్రీలకు పడినా మట్టి లోపల అంత చలి దిగదు. దాని మీద ఆకు చెత్త మందంగా పరిస్తే అసలే దిగదు. జాగ్రత్త పడాల్సింది చలి గురించి కాదు, తడి గురించి. నల్లరేగడి అయితే తప్పనిసరిగా ఎత్తుగా బోదెలు తీసి నాటాలి. చెలక నేలకు ఆ బెంగ తక్కువ. ఆకు పండటం మొదలయ్యాక నీళ్లు ఆపేయాలి. నిద్రపోయేవాణ్ని లేపి అన్నం పెట్టకూడదు కదా.

అడవిలోనూ ఈ జాతి కొల్లలు. వానాకాలం చెట్ల కింద అగ్గిమంటలా పూసే అడవి నాభి, నేలతాడి, తెల్ల ముస్లి, ముళ్లతీగ పిల్లిపీచర, వాగు గట్ల మీద నల్లటి సన్న కాడతో వేలాడే హంసపాది. అన్నీ వానకు లేచి, ఎండు కాలానికి పడుకునేవే. కోలాములు అడవిలో తవ్వుకునే గడ్డలు కూడా ఎక్కువగా ఈ కోవలోవే. వీటిని పెరట్లో పెంచాలని ముచ్చటపడితే అడవి నుంచి పీక్కురావద్దు. మందు మొక్కల కోసం తవ్వి తవ్వి ఇప్పటికే చాలాచోట్ల పలచబడ్డాయి. నర్సరీల్లో గింజ, దుంప దొరికేవే తెచ్చుకోండి. నాభి దుంప తింటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో అసలొద్దు.

మెలకువగా ఉండేవాళ్ల కోసం

నిద్రపోయే మొక్కలే అయితే చలికాలమంతా పెరడు బోసిపోదా? పోతుంది. అందుకే కొన్ని జట్కా గుర్రాల్లాంటి మొక్కలు కావాలి. స్పైడర్ ప్లాంట్ కాస్త చలికి చలించదు. దుంపవేళ్లలో నీరు దాచుకుంటుంది. మన చాగనారకు చుట్టమైన స్నేక్ ప్లాంట్, నీళ్లు తగ్గిస్తే చాలు, మామిడి కింద చలి గట్టెక్కుతుంది. మామూలు కుండీ ఫెర్న్, సింగోనియం, మనీ ప్లాంట్ గోడవారన తట్టుకుంటాయి. ఆకు కాస్త మాడినా మార్చికల్లా కోలుకుంటాయి.

గోడవార అన్నాను కదా, ఏ గోడ అన్నదీ ముఖ్యమే. దక్షిణం, పడమర వైపు గోడలు పగలంతా వేడి తాగి రాత్రికి మెల్లగా వదులుతాయి. చలికాలం కుండీలు అటు చేర్చి, ఎండ ముదిరే మార్చిలో ఉత్తరం వైపు మార్చాలి. తూర్పు వైపు మంచిదే అనిపిస్తుంది కానీ, రాత్రంతా గడ్డకట్టినట్టున్న ఆకు మీద తెల్లారగానే ఎండ పడితే ఒక్కసారిగా కమిలిపోతుంది. చలి మెల్లగా వదలాలి.

అగ్లోనిమా, కలాథియా, ఆంథూరియం మీద మనసు చావకపోతే, దండారి కాగానే ఇంట్లోకి తేవాల్సిందే. కిటికీ దగ్గర పెట్టండి, రాత్రి అద్దానికి ఆకు తగలకుండా చూడండి. నీళ్లు వారానికోసారి. అదీ పొద్దెక్కాక, చలి విరిగిన నీళ్లు. వేలు మట్టిలో గుచ్చి చూసి తడి తగిలితే అదీ వద్దు.

పందిరి వేసుకునే ఓపిక ఉంటే ఇంకా మంచిది. ఉత్తరప్రదేశ్‌లోని మహోబాలో తమలపాకు తోటలు చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. అక్కడ చలీ ఎక్కువే, వడగాలీ ఎక్కువే. తమలపాకు తీగ రెండిటికీ ఓర్వలేదు. అయినా తరతరాలుగా పండిస్తున్నారు. ఎలాగంటారా? వెదురు, గడ్డి, పుల్లలతో చుట్టూ తడికలు కట్టి, పైన పలచగా కప్పు వేస్తారు. దాన్ని బరేజా అంటారు. లోపలికి వెళితే వేరే ఊరికి వెళ్లినట్టే ఉంటుంది. ఆ మహోబా దేశవరి తమలపాకుకు 2021లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జైనూరు చుట్టుపక్కల వెదురుకు, తడిక అల్లే చేతులకు కొదవలేదు. పదడుగుల పందిరి, ఉత్తరం వైపు ఒక తడిక, పైన పచ్చ వల. ఎండకు ఎలా పనికొస్తుందో చలికీ అలాగే పనికొస్తుంది. చలికాలం అయిపోయిందని వల విప్పి దాచేవాళ్లను చూస్తుంటాం. విప్పొద్దు, ముందుంది మే నెల.

ఆ ఆకు కాల్చకండి

ఇన్ని చేసి చివర్లో చాలామంది చేసే పని ఒకటుంది. చెట్టు కింద రాలిన ఆకునంతా ఊడ్చి కుప్పేసి అగ్గిపుల్ల గీస్తారు. ఇప్పచెట్ల కిందయితే పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని మార్చిలో ఆకుకు నిప్పు పెట్టడం ఈ అడవుల్లో పాత అలవాటు. ఏరేవాళ్ల ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. ఎండుటాకులో పువ్వు కనపడదు, పాము కనపడదు. కానీ ఆ మంటలో పడి చెట్టు కింద మొలిచిన పిల్ల మొక్కలు, పైపైన ఉన్న దుంపలు మాడిపోతాయి. కొత్త ఇప్పచెట్టు పైకి రావడమే కష్టమవుతుంది. ఒక్కోసారి నిప్పు అడవికీ పాకుతుంది. పువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద పాత చీరో, వలో పరిస్తే నిప్పుతో పని లేదు.

పెరట్లో అయితే ఆ సాకు కూడా లేదు. అమెరికాలో తోటల పిచ్చి ఉన్నవాళ్లు రాలిన మేపుల్ ఆకును రెండేళ్లు మగ్గబెట్టి నల్లటి ఎరువు చేసుకుని బంగారంలా వాడుకుంటారు. నీడ మొక్కలకు అంతకు మించిన తిండి లేదు. అవి పుట్టిందే ఆకు కుళ్లిన మట్టిలో మరి. మనకు ఊరికే వచ్చిన దాన్ని పొగ చేస్తున్నాం. టేకు ఆకుతో ఒక చిక్కు మాత్రం ఉంది. మందం, గరుకు, తొందరగా కుళ్లదు. పళ్లెంలా పరిస్తే వాన నీరు కూడా లోపలికి దిగదు. కాళ్లతో తొక్కి నలిపి, మామిడి, వేప ఆకుతో కలిపి, పైన కాస్త పేడ నీళ్లు చల్లి పరవండి. జానెడు మందం ఉంటే చాలు. చలికాలం అదే దుప్పటి, ఎండాకాలం అదే గొడుగు. చెట్టు మోడైన మే నెలలో దుంపను కాచేది ఆ ఆకే.

ఇన్ని కష్టాలు చెప్పాక చలి ఇచ్చే ఒక వరం కూడా చెప్పాలి. ఢిల్లీలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీడపట్టున విరగబూసే సినరేరియా చూశారా? నీలం, ఊదా, గులాబీ రంగుల్లో గుత్తులు గుత్తులుగా. నీడలో అంత బాగా పూసే చలికాలపు పువ్వు మరొకటి లేదు. దానికి చల్లటి రాత్రులు కావాలి. కోస్తాలో దాన్ని పూయించడం గగనం. జైనూరు రాత్రులు దానికి సరిగ్గా సరిపోతాయి. సెప్టెంబరు చివర గింజ చల్లి, నాలుగాకుల నారును చిన్న కుండీల్లోకి మార్చి, పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలే చోట పెట్టాలి. గింజ ఇసుక కన్నా సన్నం. మట్టి కప్పొద్దు, ఊరికే అదిమితే చాలు.

ఇక దుంపలు పెట్టిన వాళ్లకు ఒక చిన్న మాట. ఆకు ఒరిగిపోయాక ఎక్కడ ఏముందో ఎవరికీ గుర్తుండదు. వేసవిలో ఎవరో వచ్చి అదే చోట గుంత తవ్వుతారు. పసుపు కొమ్ము రెండు ముక్కలవుతుంది. అందుకని జనవరిలోనే ప్రతి దుంప పక్కన ఒక వెదురు పుల్ల పాతి, రంగు గుడ్డ పీలిక కట్టండి. పసుపుకొక రంగు, కందకొక రంగు. మిరుగు చినుకు పడిన పది, పదిహేను రోజులకు ఆ పుల్లల దగ్గర వంగి చూడండి. అల్లం లేవడం కాస్త ఆలస్యం కావచ్చు. అది లేవలేదని తొందరపడి తవ్వకండి.